ఎదురుగాలి మలుపు

గాలివాటున పోవుట ఎవరికైనను సులభమే. ఎండుటాకు పోవును, తెగిన గాలిపటము పోవును, సరంగు లేని పడవయు పోవును. అందుచేతనే తెలుగువారు నిలుకడలేని నడవడిని గాలివాటమని ఆక్షేపింతురు. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో ఆ దిక్కునకే పోవలసివచ్చినపుడు మాత్రము బలము కంటె ఉపాయము, ఉపాయము కంటె ఓర్పు ఎక్కువగా కావలసియుండును. సముద్రముపై బ్రతికినవారు ఈ విషయమును వేల యేండ్ల నాడే ఎరిగిరి. నేడు పలకపై నిలిచి, పటము లాగుచుండగా నీటికి పైగా ఎగురునట్టి ఒక క్రొత్త క్రీడలో యువతీయువకులు దానిని మరల నేర్చుకొనుచున్నారు. వారికి అన్నింటికంటె కష్టమైనది ఎదురుగాలికి తిరుగు మలుపు. ఆ మలుపును నేర్వవలెనా, నేర్చినచో ఏ విధముగా నేర్వవలెను అనునది విచారింపదగిన విషయము.

పూర్వకాలపు నావికులకు ఎదురుగాలి ఎంతటి అడ్డంకియో చరిత్ర చెప్పుచున్నది. క్రీ.శ. 2వ శతాబ్దిలో ఆంధ్రదేశమును పాలించిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ ముద్రింపబడియున్నది. ఆ కాలమున ఎర్రసముద్రపు రేవులనుండి భారతదేశమునకు వచ్చు ఓడలు నైరుతి ఋతుపవనములను ఆశ్రయించి వచ్చెడివి. మరలిపోవుటకు ఈశాన్యపు గాలి వీచువరకు నెలల తరబడి రేవులలో వేచియుండెడివి. గాలిని ఎదిరించుట కంటె గాలి మారువరకు ఆగుటయే ఆ వర్తకులకు మేలుగా తోచెను. అట్లు ఆగుటకు వీలులేనివానికి ఒక్కటే ఉపాయము కలదు. అది సూటిదారిని విడిచి మెలికల దారిని పట్టుట.

తెరచాపతో నడచు ఏ నావయు గాలికి సూటిగా ఎదురు పోజాలదు. అట్లు పోవ యత్నించినచో తెరచాప పటపట కొట్టుకొనును, నావ నిలిచిపోవును. కాని గాలి దిక్కునకు కొంత ప్రక్కగా, సుమారు 45 డిగ్రీల కోణముతో పోవుట సాధ్యమే. కావున నావికుడు కొంతదూరము కుడిప్రక్కకు ఏటవాలుగాను, పిదప కొంతదూరము ఎడమప్రక్కకు ఏటవాలుగాను పోవుచు, పామువలె మెలికలు తిరిగి, గాలి వచ్చు దిక్కునకు చేరును. ఈ దిక్కును ఎగువ యనియు, గాలి పోవు దిక్కును దిగువ యనియు చెప్పుకొనవచ్చును. లెక్కవేసి చూచినచో, 45 డిగ్రీల కోణముతో పోవువాడు 1 కిలోమీటరు ఎగువకు చేరుటకు సుమారు 1,414 మీటర్లు ప్రయాణము చేయవలెను. 2 మెలికలు తిరిగినను, 20 మెలికలు తిరిగినను ఆ దూరము మారదు. మారునది మలుపు మలుపునకు కలుగు నష్టము మాత్రమే. కావున ఎదురుగాలి ప్రయాణమున నేర్పరితనమంతయు మలుపునందే కనబడును.

ఆ మలుపు రెండు విధములు. నావ ముందుకొనను గాలికి అభిముఖముగా త్రిప్పి, గాలి దిక్కును దాటించి, రెండవ ప్రక్కకు మరలుట మొదటి విధము. నావికులు దీనిని టాక్ అందురు. ఇదియే ఎదురుగాలి మలుపు. గాలికి వీపు త్రిప్పి, దిగువగా చుట్టు తిరిగి మరలుట రెండవ విధము. దీనిని జైబ్ అందురు. ఇది గాలివాటు మలుపు. హైదరాబాదులోని హుస్సేన్ సాగరముపై ఆప్టిమిస్టు అను చిన్న పడవలలో బాలబాలికలు తెరచాప విద్య నేర్చుకొనుచుందురు. ఇట్టి పడవపై ఎదురుగాలి మలుపు పిల్లలకును సాధ్యమే. చుక్కానిని త్రిప్పి పడవను గాలి దాటింపగనే తెరచాప ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు తనంతటనే వచ్చును. పిల్లవాడు తల వంచి, తెరచాప అడుగు కర్రకు క్రిందుగా ఆవలి ప్రక్కకు చేరి కూర్చుండిన చాలును. పడవపై ఇంత సాధ్యమైన మలుపు పటము లాగు పలకపై మిక్కిలి కఠినమగుచున్నది. కారణము తెలియవలెనన్నచో ఆ పలక నిర్మాణము తెలియవలెను.

ఈ క్రీడకు కైట్ ఫాయిలింగ్ అని పేరు. ఇందు క్రీడాకారుడు ఒక చిన్న పలకపై నిలుచును. పలక అడుగునుండి సుమారు 1 మీటరు పొడవు గల సన్నని కంబము నీటిలోనికి దిగియుండును. కంబము క్రిందికొనకు చిన్న విమానము వంటి అమరిక బిగింపబడియుండును. దానికి ముందు పెద్ద రెక్క, వెనుక చిన్న రెక్క, ఆ రెంటిని కలుపు ఒక కడ్డీ ఉండును. ఆకాశమున పెద్ద పటము ఎగురుచుండును. పటమునుండి వచ్చు పొడవైన త్రాళ్ళు క్రీడాకారుని చేతిలోని అడ్డకడ్డీకిని, నడుమునకు బిగించుకొనిన పట్టీకిని తగిలింపబడియుండును. పటపు లాగుబలమును నడుము భరించును; చేతులు పటమును త్రిప్పును; పాదములు పలకను త్రిప్పును.

పటము లాగుటచే పలక ముందునకు సాగును. అపుడు నీరు రెక్కల మీదుగా ప్రవహించి, విమానమును గాలి ఎత్తినట్లే, పలకను పైకెత్తును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రత గలది. కావున చిన్న రెక్కయే నిండు మనిషిని మోయగలదు. తగిన వేగము రాగానే పలక నీటిని విడిచి పైకి లేచును. అలల తాకిడి తొలగును. నీటి రాపిడి తగ్గును. రెక్కలును కంబపు అడుగుభాగమును మాత్రమే నీటిలో నుండును. పందెములలో ఇట్టి పలకలు గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుట కలదు. అయితే రెక్క ఎత్తు బలము వేగముయొక్క వర్గమును అనుసరించి మారును. రెక్క వాలు మారకయున్నచో, వేగము సగమైనపుడు ఎత్తుబలము నాలుగవ వంతునకు దిగిపోవును. ఎదురుగాలి మలుపులోని చిక్కంతయు ఈ నియమమునుండియే పుట్టుచున్నది. మలుపులో వేగము తగ్గక తప్పదు. వేగము మిక్కిలి తగ్గినచో పలక నీటిపై కూలక తప్పదు.

ఈ క్రీడలోని రెండు సాధనములకును వేర్వేరు చరిత్రలు కలవు. నీటి రెక్కలతో పడవను పైకెత్తు ప్రయత్నములు నూరేండ్లకు పూర్వమే జరిగెను. 1906లో ఇటలీ దేశీయుడగు ఎన్రికో ఫోర్లానీని అట్టి పడవను మజ్జోరే సరస్సుపై నడిపెను. టెలిఫోను నిర్మాతగా ప్రసిద్ధుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన సహచరులతో నిర్మించిన నీటిరెక్కల పడవ 1919లో కెనడా దేశమున గంటకు సుమారు 114 కిలోమీటర్ల వేగము నందుకొనెను. పటము చరిత్ర వేరు. నీటిపై మనిషిని లాగుటకు పటమును ఉపయోగింపగోరినవారికి ఒక పెద్ద అడ్డంకి యుండెను. పటము నీటిలో పడినచో తడిసి బరువెక్కి, మరల లేవజాలకపోయెడిది. ఫ్రాన్సు దేశీయులగు బ్రూనో లెగెన్యూ, డొమినిక్ లెగెన్యూ అను సోదరులు గాలి నింపిన గొట్టములతో ఒక పటమును నిర్మించి, 1984లో దానికి పేటెంటు కోరిరి. ఆ పటము నీటిలో పడినను తేలియుండును. నీటి మీదినుండియే తిరిగి పైకి లేవగలదు. పడకుండునట్టి పటమును వారు కనుగొనలేదు. పడిన పిదప లేవగల పటమును కనుగొనిరి. నీటిపై పటముతో ఆడు క్రీడ సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుటకు అదియొక ముఖ్యకారణమయ్యెను. నేర్చుకొనువారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెము మొట్టమొదటిసారిగా చేర్చబడెను. పందెములు ఫ్రాన్సు దక్షిణతీరమునందలి మార్సెయ్ నగరము వద్ద జరిగెను. కొన్ని దినములలో గాలి చాలనందున పందెములు నిలిచిపోయెను. స్త్రీల పందెమున బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్‌డ్రిడ్జ్, పురుషుల పందెమున సముద్రతీరమే లేని ఆస్ట్రియా దేశమునకు చెందిన వాలెంటిన్ బొంటుస్ స్వర్ణపతకములు గెలిచిరి. సింగపూరు బాలుడు మాక్స్ మేడర్ తన 17వ యేట, ఆ దేశపు జాతీయదినమైన ఆగష్టు 9వ తేదీన, కాంస్యపతకము పొందెను. ఇట్టి పందెములలో క్రీడాకారులు మొదట గాలికి ఎదురుగా పోయి, నీటిపై తేలుచుండు గుర్తును చుట్టి, గాలివాటుగా మరలివత్తురు. ఎదురు పోవునపుడు మెలికలు తిరుగక తప్పదు. అక్కడ మలుపులో కాలు తప్పినవాడు కన్నుమూసి తెరచునంతలో వెనుకబడిపోవును.

ఇంతకును ఆ మలుపులో జరుగవలసిన పనులు మూడు. పటము తిరుగవలెను, పలక తిరుగవలెను, పాదములు మారవలెను. పడవకు తెరచాప బిగింపబడినట్లు పలకకు పటము బిగింపబడియుండదు. అది దూరమున, ఎత్తున ఎగురుచుండును. చేతికడ్డీని కదల్చిన క్షణమునకును, పటము తిరిగిన క్షణమునకును నడుమ కొంత వ్యవధి కలదు. కావున క్రీడాకారుడు జరుగుచున్న దానిని గాక, జరుగబోవు దానిని తలచుకొని చేయి కదల్చవలెను. సంక్రాంతినాడు మేడపై పటము నెగురవేసిన పిల్లలకు ఈ వ్యవధి తెలియనిది కాదు. కాని వారి పాదములు నేలపై నిలిచియుండును. ఇచట పాదముల క్రింది పలకయు ఎగురుచుండును.

మొదట క్రీడాకారుడు గాలికి ఏటవాలుగా, మంచి వేగముతో, నిలుకడగా పోవుచుండును. అతని వీపు గాలివైపునను, ముఖము పటమువైపునను ఉండును. బరువు మడమలపై నుండును. అతడు పటమును నడినెత్తికి రప్పించుచు, అదే సమయమున పలక ముందుకొనను గాలివైపునకు త్రిప్పును. పటము తల మీదికి రాగానే అతని బరువులో కొంత భాగమును అది పైకి లాగికొనును. పాదములు తేలికపడును; రెక్క మోయవలసిన భారము తగ్గును. పలక ఒక్క క్షణము గాలికి సూటిగా ఎదురు నిలుచును. ఆ క్షణమున దానిని ముందునకు లాగునది ఏదియు లేదు. వెనుకటి వేగమే దానికి ఆధారము. ఆ కొద్ది వ్యవధిలోనే వెనుక పాదము ముందునకును, ముందు పాదము వెనుకకును మారవలెను. అంతలో పటము నడినెత్తిని దాటి, క్రొత్త దిక్కునకు వాలి, మరల లాగ నారంభించును. పలకయు ఆ దిక్కునకే తిరిగి వేగమందుకొని సాగిపోవును. చూచువారికి ఇదియంతయు కొంగ రెక్క వాల్చి తిరిగినంత సులువుగా కనబడును.

చేయువానికి మాత్రము అడుగడుగునను ప్రమాదమే. పటమును తొందరపడి విసురుగా త్రిప్పినచో అది అతనిని పైకెత్తి వెనుకకు ఈడ్చును. ఆలసించి త్రిప్పినచో త్రాళ్ళు సడలి, ఆధారము తప్పి, పలక కూలును. పాదములను ముందుగా మార్చినచో పలక గాలిని దాటకమునుపే ఒరిగిపోవును. చూపును పాదములపై నిలిపినచో తల వంగును. తలతోడనే భుజములును నడుమును వంగి, పలక ముందుకొన నీట గ్రుచ్చుకొనును. నిదానమైన అభ్యాసము లేనివానికి ఒక్క మలుపులోనే ఈ తప్పులన్నియు కలసివచ్చును. నీటినుండి తల పైకెత్తునప్పటికి తాను ఏల పడెనో అతనికే తెలియదు.

గాలివాటు మలుపు ఇట్టిది కాదు. దిగువకు తిరుగుచున్నంతసేపును పటపు లాగుడును పలక నడకయు ఇంచుమించుగా ఒకే దిక్కున నుండును. వేగము అంతగా తగ్గదు. పటమును మించి పరుగెత్తి త్రాళ్ళను సడలనీయకున్న చాలును. పాదములను మలుపునకు ముందైనను, తరువాతనైనను తీరికగా మార్చుకొనవచ్చును. కావున నేర్చుకొనువారు మొదట దీనినే నేర్తురు. అది సముచితమే. చిక్కు ఏమనగా, పెక్కురు దీనితోడనే నిలిచిపోవుదురు.

అట్లు నిలిచినవారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు. ఈ పలక గాలికి ఎదురు పోవుటలో మిక్కిలి సమర్థమైనది. మలుపు మలుపునకు కొంత దిగువకు జారినను, విశాలమైన సముద్రముపై ఒకేదిక్కున దూరము పోవువానికి ఆ నష్టము పెద్దది కాదు. పందెములకు పోనివాడు, వినోదముకొరకే నీటికి వచ్చినవాడు, నూరుమార్లు పడి ఈ కఠినమైన మలుపును నేర్వనేల? సుఖముగా జరుగుచున్న పనిని కష్టముగా చేయనేల? అని వారు ప్రశ్నింతురు.

ఈ వాదమున సత్యము కలదు గాని అది పూర్ణసత్యము కాదు. ఒక్కొక్క గాలివాటు మలుపునకు 20 మీటర్ల చొప్పున దిగువకు జారిననుకొన్నచో, 20 మలుపులకు 400 మీటర్లు నష్టమగును. విశాలసముద్రమున ఇది లెక్కకు రాకపోవచ్చును. ఇరుకైన సరస్సులో, ఇసుకమేటల నడుమ, లంగరు వేసిన పడవల నడుమ మలుపులు దగ్గరదగ్గరగా తిరుగవలసియుండును. అచట ఎగువకు పోయిన దూరమంతయు మలుపులలోనే పోవును. సాయంకాలమగుచుండగా గాలి తగ్గి, ఒడలు అలసి, ఒడ్డు ఎగువనున్నపుడు ఈ నష్టము వినోదపు లెక్కగా ఉండదు. ఇల్లు చేరుటకు సంబంధించిన లెక్క యగును. అంతేకాక, దిగువన మరియొక పటము గాని, రాయి గాని, ఈతగాండ్రు గాని ఉన్నపుడు ఎగువకు తిరుగుటయే శరణ్యము. ఒక్క మలుపే తెలిసినవానికి అట్టి వేళ ఎంచుకొనుటకు రెండవ దారి యుండదు.

ఇంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. ఎదురుగాలి తప్పును దాచదు. గాలివాటు మలుపులో చేతి పొరపాటును వేగము కప్పిపుచ్చును. పాదముల తడబాటును పటపు లాగుడు సరిదిద్దును. క్రీడాకారుడు తనకు అన్నియు తెలిసినవని భ్రమపడును. ఎదురుగాలి మలుపులో అట్టి సహాయము లేదు. పటము ఎచటనున్నదో చూడకయే ఎరుగవలెను. పలక ఎత్తును పాదములతోనే గ్రహింపవలెను. కావున ఈ మలుపును నేర్చినవాడు ఒక్క మలుపును మాత్రమే నేర్చినవాడు కాదు. గాలిని, పటమును, పలకను వేర్వేరుగా తెలిసికొనినవాడు. అతని గాలివాటు మలుపును, సూటి నడకయు గూడ మెరుగుపడును. సులభమైన దారి యున్నను కష్టమైన దానిని నేర్వుమని చెప్పుటకు ఇదియే తగిన కారణము. కష్టపడుటయే గొప్ప యని మాత్రము కాదు.

నేర్వవలెనని నిశ్చయించుకొనినవారు చేయు పొరపాటు వేరొకటి కలదు. వారు మలుపు నంతటిని ఒక్కమారుగా పట్టుకొనజూతురు. పడుదురు, లేచి మరల అట్లే చేసి, మరల అట్లే పడుదురు. దీనిని పట్టుదల యని మెచ్చుకొనువారు కలరు. కాని ఒకే తప్పును నూరుమార్లు చేయుట అభ్యాసము కాదు. తప్పును అలవాటు చేసికొనుట. మూడు పనులు కలిసిన మలుపును మూడు ముక్కలుగా విడదీసి నేర్చుకొనుటయే యుక్తము.

మొదటిది పటము. ఒడ్డున ఇసుకపై నిలిచి, చిన్న పటమును కుడినుండి ఎడమకును, ఎడమనుండి కుడికిని నడినెత్తి మీదుగా త్రిప్పుచు, క్రమముగా చూపును పటమునుండి మరల్చి దూరమున నిలుపవలెను. పటమును చూడకయే అది ఎచట నున్నదో చేతులకు తెలియువరకు ఈ పని చేయవలెను. రెండవది పాదములు. నేలపై పలకవలె గీత గీసికొని అడుగులు మార్చుట నభ్యసింపవచ్చును. పిదప నీటిపై, మలుపు తలపెట్టక, సూటిగా పోవుచునే పాదములు మార్చుకొనవలెను. అట్లు మార్చినపుడు క్రీడాకారుని ముఖము గాలివైపునకు వచ్చును. పటము వెనుకనుండి లాగును. బరువు కాలివ్రేళ్ళపై పడును. ఈ నిలుకడ మొదట మిక్కిలి అసౌకర్యముగా నుండును. అయినను అది సహజమగువరకు అట్లే పోవుట నేర్వవలెను.

మూడవది పలక త్రిప్పుట. పైని చెప్పిన విపరీతపు నిలుకడతో పోవుచు, పటమును నడినెత్తి దాటించి, పలకను గాలి దాటించినచో, క్రీడాకారుడు పాదములు మార్చనక్కరలేకయే సహజమైన నిలుకడకు వచ్చును. ఈ మలుపు కష్టమైన నిలుకడతో మొదలై సుఖమైన నిలుకడతో ముగియును. ఇందు పాదముల తొందర లేదు. పటమును పలకను కలుపుటయే పని. ఇది కుదిరిన పిదపనే పాదముల మార్పును మలుపు నడుమకు చేర్చవలెను. తొలిదినములలో పలక నీటిని తాకినను కంగారుపడరాదు. పలక నీటిని తాకినను మనిషి నిలిచిన మలుపు మలుపే. నీటిని తాకక తిరుగుట తరువాతి మెట్టు. ప్రతి పర్యాయమును పడినవాడు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: తప్పినది పటమా, పలకయా, పాదములా? జవాబు దొరకినచో ఆ పడుట వ్యర్థము కాదు.

చాలమంది విస్మరించు విషయము మరియొకటి కలదు. ప్రతి మనిషికిని చేతులలో వాటమున్నట్లే కాళ్ళలోను వాటము కలదు. కుడినుండి ఎడమకు చక్కగా తిరుగువాడు ఎడమనుండి కుడికి తిరుగలేడు. చేతనైన ప్రక్కకు తిరుగుట ఆనందముగా నుండును గనుక అభ్యాసమంతయు ఆ ప్రక్కకే జరుగును. కాని మెలికల దారిలో ఒక కుడి మలుపునకు ఒక ఎడమ మలుపు తప్పదు. ఒక ప్రక్క మాత్రమే నేర్చినవాడు రెండవ మలుపునందు పడి, మొదటి మలుపులో సంపాదించినదంతయు పోగొట్టుకొనును. అభ్యాసకాలములో సగమునకు మించి చేతకాని ప్రక్కకే కేటాయించుట తెలివైన పద్ధతి. అది గర్వమునకు రుచింపదు. అయినను ఫలితమునకు అదియే దారి.

పడుటకు భయపడరాదని చెప్పుట, జాగ్రత్త మానుమని చెప్పుట కాదు. నీటి క్రింది రెక్కల అంచులు పదునుగా నుండును; కంబము గట్టిది. తలకు శిరస్త్రాణము, ఒడలికి దెబ్బ తగులకుండ కాపాడు మెత్తని కవచము లేక నీట దిగరాదు. రెక్క నేలకు తగులకుండునంతటి లోతు గల నీటిలోనే అభ్యసింపవలెను. ప్రమాదమున పటమునుండి తక్షణమే విడివడుటకు నడుముపట్టీ వద్ద ఒక విడుపుమీట యుండును. దానిని కన్నులు మూసికొనియు లాగగలుగునట్లు ఒడ్డుననే అలవాటు చేసికొనవలెను. తీరమునుండి సముద్రము లోపలికి వీచు గాలిలో నేర్చుకొనరాదు, ఒంటరిగా పోరాదు, ఈతగాండ్రున్న చోట తిరుగరాదు. పడునపుడు పలకకు దూరముగా పడుటయు ఒక విద్యయే. ఇవి పిరికితనపు నియమములు కావు. వేయిమార్లు పడవలసినవాడు ప్రతి పర్యాయమును క్షేమముగా లేవవలెను గదా!

ఇట్టి నేర్పు పుట్టుకతో వచ్చునని కొందరందురు. మాక్స్ మేడర్ వంటివారు 17 ఏండ్లకే ఒలింపిక్ పతకము పొందుట చూచి ఈ అభిప్రాయము బలపడును. కాని చిన్నతనముననే ప్రారంభించుట వేరు, శ్రమ లేకయే వచ్చుట వేరు. పటము చేతులకు తెలియుటకు కొన్ని వేల మలుపులు కావలసియుండును. చిన్ననాడే మొదలిడినవానికి ఆ మలుపులు చిన్ననాడే పూర్తియగును. అంతియే భేదము. ఈ క్రీడకు సాధనముల వెల ఎక్కువ; మంచి గాలి, లోతైన నీరు, తెలిసిన గురువు గూడ కావలెను. ఇవి అందరికిని దొరకవు. ఆ మాట దాచనక్కరలేదు. దొరకినవారైనను వెల పెట్టి సాధనమును కొనగలరు గాని మలుపును కొనలేరు.

గాలి ఎవరి కొరకును దిక్కు మార్చుకొనదు. దానితో జగడమాడువాడు నిలిచిపోవును. దానికి లొంగిపోవువాడు దిగువకు కొట్టుకొనిపోవును. ఏటవాలుగా సాగి, సమయమెరిగి, నిబ్బరముగా మలుపు తిరుగువాడు మాత్రమే ఎగువకు చేరును. కావున పటము చేతబట్టి పలకపై నిలిచిన ప్రతి యువకుడును, ప్రతి యువతియు గాలివాటు మలుపుతో తృప్తి చెందక, ఎదురుగాలి మలుపును గూడ నేర్చుకొనుట మంచిది. దానిని ఒక్కదినమున సాధింపనెంచక, ముక్కలు ముక్కలుగా, రెండు ప్రక్కలకును, జాగ్రత్తతో నేర్వవలెను. మొదటిమారు పడక తిరిగిన దినమున వారు ఎగువకు పోయిన దూరము కొద్ది గజములే కావచ్చును. అయినను ఆ కొద్ది గజములును గాలి ఇచ్చినవి కావు. వారు తమ నేర్పుతో సంపాదించుకొనినవి.